మోరీ దగ్గర ఆగే గుర్రం

మొన్న నంద్యాలలో మా ఆటో ఒక పెళ్ళి ఊరేగింపు వెనక ఇరుక్కుపోయింది. ముందర బ్యాండు మేళం, దాని ముందర చెవులు గింగురుమనే పాటల బండి, నడుమ తెల్ల గుర్రం మీద పెళ్ళికొడుకు. రోడ్డుకు అడ్డంగా పరిచిన లావుపాటి కరెంటు వైరును చూసి గుర్రం ఆగిపోయింది. దాన్ని పట్టుకున్న మనిషి ముందుకు గుంజుతున్నాడు. అతను గుంజేకొద్దీ అది వెనక్కి ఒరుగుతోంది. పైన పెళ్ళికొడుకు మొహంలో నెత్తురుచుక్క లేదు, పాపం.

నా పక్కన మా అత్త కూర్చుని ఉంది. మా నాయనకు చెల్లెలు. నర్సుగా చేసి రిటైరై చాలా ఏళ్ళయింది. మోకాళ్ళు చూపించడానికి నేనే ఆస్పత్రికి తీసుకుపోతున్నాను.

"చూస్తాండావా మే?" అంది.

"ఏం జూసేదత్తా, గుర్రం మొండికేసింది. ఇంగ ఈ పొద్దుకు డాక్టరు దొరికినట్లే."

"గుర్రాన్ని గాదు. ఆయప్ప చేతిని చూడు."

చూశాను. తాడు చుట్టూ పిడికిలి బిగుసుకుపోయి, వేళ్ళ కణుపులు తెల్లబడి ఉన్నాయి. అంతే, బ్యాండు మేళమూ హారన్లూ ఎక్కడికో పోయాయి. ఆళ్లగడ్డ పక్క మా అబ్బ ఊరు, ఊరి బయట కాలవ మీద మోరీ, మోరీ ముందర చెవులు నిక్కించి నిలబడిన ఎర్ర గుర్రం కళ్ళ ముందుకు వచ్చాయి.

అబ్బ అంటే మా నాయనకు నాయన. ఆళ్లగడ్డకూ రుద్రవరానికీ నడుమ, కాలవ కింద పల్లె మాది. కొంచెం వరి మడి, కొంచెం జొన్న చేను, మిగిలిన పొద్దంతా జట్కా. మా అమ్మానాయనలు బనగానపల్లెలో పంతుళ్ళు. ఎండాకాలం బళ్ళు మూసేయగానే నన్నూ, ఒక మామిడిపండ్ల గంపనూ తెలిసిన కండక్టరుకు అప్పగించి బస్సెక్కించేవాళ్ళు. ఆళ్లగడ్డ బస్టాండులో అబ్బ ముందు గంపను దించుకునేవాడు, ఆ తర్వాతే నా వైపు చూసేవాడు. "పాపకు కాళ్ళుండాయి, దిగొస్తాది. పండ్లు దిగొస్తాయా?" అనేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఆ జట్కా వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. కింద పరిచిన పచ్చిగడ్డి, చెమట పట్టిన తోలు, ఇరుసుకు పూసిన ఆముదం, అబ్బ నశ్యం. వాటన్నిటి మీదా, బస్టాండు పక్కన పొట్లం కట్టించిన ఉగ్గాని, మిరపకాయ బజ్జీల వాసన. నేను ముందర అబ్బ పక్కనే కూర్చునేదాన్ని. అబ్బ పగ్గాలు ఒళ్ళో పడేసి, బజ్జీ కొరుకుతూ కీర్తనలు పాడేవాడు. కీర్తన ఏదైనా రాగం ఒక్కటే. గుర్రం దానంతట అదే పోయేది. ఎదురుగా లారీ వస్తే పక్కకు జరిగేది, గుంత వస్తే మెల్లగా దిగేది.

"దీనికి దోవ ఎవరు నేర్పించినారబ్బా?" అని అడిగితే, "దోవే నేర్పిస్తాది మే. మనం చెడగొట్టకుంటే సాలు," అనేవాడు.

ఆ మాట అన్నవాడే చెడగొట్టాడు. అక్కడికే వస్తున్నాను.

ఆ గుర్రానికి పేరు లేదు. "బండికి కట్టేదానికి పేరేందీ?" అనేవాడు అబ్బ. పొద్దున్నే జేజి, అంటే మా నాయనమ్మ, దానికి ఉలవలు ఉడకేసేది. కుండ దించగానే నేనొక పిడికెడు తీసుకుని ఉప్పు చల్లుకుని తినేదాన్ని. "గుర్రం తిండి తిని గుర్రం మాదిరే సకిలిస్తాండాది ఇది," అని కసురుకుంటూనే జేజి ఇంకో గరిటెడు వేసేది. ఉడికిన ఉలవల వాసనకు పెరట్లో గుర్రం కాలు నేలకేసి కొట్టేది. నాకంటే దానికే మర్యాద ఎక్కువ, పిలిచేదాకా వచ్చేది కాదు.

దాన్ని సంతలో కొన్నప్పుడు జేజి నెత్తీ నోరూ కొట్టుకుందట. దాని ఎడమ కంటి కింద వెంట్రుకలు గుండ్రంగా తిరిగి ఉండేవి. మా దిక్కున దాన్ని కన్నీటి సుడి అంటారు. ఆ సుడి ఉన్న గుర్రం ఇంట్లోవాళ్ళను ఏడిపించకుండా వదలదని నమ్మకం. ఎవరూ కొనకపోతే అబ్బ కొన్నాడు. అబ్బ బైబిలు చదువుకునే మనిషి. "సుడీ లేదు గిడీ లేదు. దేవుడు చేసిన దాంట్లో తప్పుండదు," అన్నాడట. అట్లా అంటూనే సంత నుంచి ఇంటిదాకా ప్రార్థన చేసుకుంటూ వచ్చాడని జేజి ఎత్తిపొడిచేది.

నాకు ఊహ తెలియకముందు ఒక సంగతి జరిగింది. దాన్ని మా ఇంట్లో ఎన్నిసార్లు చెప్పుకున్నారో లెక్కలేదు. అప్పుడు అత్త ఇంకా చిన్నపిల్ల. అబ్బ, జేజి, అత్త ముగ్గురూ రుద్రవరం పక్కన బంధువుల పెళ్ళికి జట్కాలో బయలుదేరారు. ఊరు దాటగానే కాలవ మీద రాతి మోరీ ఉంటుంది. చిన్న వంతెన లాంటిది. అది దాటితేనే ఆళ్లగడ్డకైనా రుద్రవరానికైనా దోవ. మోరీ ఎక్కబోతూ గుర్రం టక్కున నిలబడింది. చెవులు నిక్కించింది, ఒళ్ళంతా వణికింది. అబ్బ బతిమాలాడు, అదిలించాడు. కదల్లేదు. నల్లమల వైపు మోడం పట్టి ఉంది. "శకునం బాగలేదు, ఇంటికి తిప్పు," అంది జేజి. తిప్పారు. ఆ సాయంకాలం కొండల్లో కురిసిన వాన దోవలోని వాగులోకి ఒక్కసారిగా దూకి, అదే పెళ్ళికి పోతున్న ఒక ఎద్దుల బండిని ఈడ్చుకుపోయింది. మనుషులు దక్కలేదు. మా జట్కా ఆ వేళకు సరిగ్గా అక్కడే ఉండాల్సింది.

మరుసటి ఆదివారం పాస్టరయ్య, దోవలో దేవదూతను చూసి నిలబడిపోయి, పైనున్న మనిషిని బతికించిన బైబిలు గాడిద కథ చెప్పాడట. మా గుర్రం కోసం ఏం కాదు, ఆ వారం అది వచ్చింది, చెప్పాడు. అబ్బ మాత్రం బయటికి వస్తూ, "గాడిదకు కనపడినప్పుడు గుర్రానికి కనపడదా?" అన్నాడు. ఇంక దానికి తిరుగులేదు. ఊర్లో మిగతావాళ్ళకు గాడిద కథ అక్కర్లేదు, వాళ్ళు నేరుగా శుక్రవారం శుక్రవారం వచ్చి గుర్రం నుదుటికి కుంకుమ పెట్టిపోయేవాళ్ళు. మా ఊరి రెండు మతాలవాళ్ళూ కలిసి నమ్మింది నాకు తెలిసి ఇదొక్కటే.

అప్పటినుంచి ముఖ్యమైన పని మీద పోయేవాళ్ళు మా జట్కానే కట్టించుకునేవాళ్ళు. సంబంధం చూడటానికి, కోర్టు వాయిదాకు, పొలం బేరానికి. మోరీ దగ్గర గుర్రం ఆగిందా, పని మానుకుని వెనక్కి తిరగడమే. విచిత్రం ఏందంటే, చెనిక్కాయ మూటలేసుకుని ఆళ్లగడ్డకు పోయే రోజు అది ఆగేది కాదు. పెద్ద పని ఉన్నరోజే ఆగేది. దాంతో జనానికి నమ్మకం ఇంకా ముదిరింది. పక్కింటి పెద్దరైతుకు అత్తగారి ఊరంటే పడదు. అక్కడినుంచి పిలుపొస్తే చాలు, మా జట్కా ఎక్కేవాడు. గుర్రం ఆగగానే దిగి, "నేనేం జేద్దునప్పా, గుర్రం వద్దంటాండాది," అని కబురు పంపేసి, మా అరుగు మీద కూర్చుని జేజి చేసిన ఓళిగలు లాగించేవాడు.

నేను చెప్పబోయే ఎండాకాలానికి అత్త పది పాసై ఇంట్లో ఉంది. జేజికి ఒకసారి జబ్బుచేసి నంద్యాల ఆస్పత్రిలో ఉన్నప్పుడు అత్త తోడుగా ఉంది. అక్కడి నర్సులు సూది వేసే తీరు, దుప్పటి ముడత లేకుండా పరిచే తీరు చూసి వచ్చి, తనూ అదే చదువుతానని పట్టుబట్టింది. పరీక్ష రాసింది, సీటు వచ్చింది. నెలాఖరులోపల నంద్యాలకు వచ్చి చేరమన్నారు. అబ్బ సంతోషపడ్డాడు. రేకు పెట్టె కొన్నాడు. చర్చిలో చెప్పి ప్రార్థన చేయించాడు. అందరం కొత్తబట్టలు కట్టుకుని జట్కా ఎక్కాం.

మోరీ దగ్గర గుర్రం ఆగిపోయింది.

అబ్బ కొరడా ముట్టుకోలేదు. బండి తిప్పాడు. అత్త వెనక కూర్చుని దూరమవుతున్న మోరీని చూస్తూ ఉంది. ఇంటికొచ్చాక, "నాయనా, అది గొడ్డు. దానికేం తెలుసు?" అంది.

"ఆ పొద్దు బండ్లో నువ్వు గూడా ఉంటివి మే," అన్నాడు అబ్బ. "అది ఆగకపోయింటే నువ్వీడ నిలబడి నాతో మాట్లాడేదానివి కాదు. నిన్ను బతికించింది వద్దంటాంటే, నేనెట్ల తోలుకుపోయేది?"

అత్త పెట్టె దించుకుని లోపల పెట్టింది. నడిచి పోయి బస్సెక్కవచ్చు గదా అని నేనన్నాను. "నాయనను ఏడిపించి పోయి, నేను ఎవరికి సేవ చేసేది?" అంది. ఎదురు తిరగదు, వదలదు. అట్లాంటి మనిషి.

మరుసటి రోజునుంచి పొద్దున్నే గడ్డికి పోతున్నామని చెప్పి అత్త జట్కా కట్టేది. తోడు నేను. నేరుగా మోరీ దగ్గరికే. గుర్రం ఆగేది. అత్త జేజి ఉట్టిలోంచి బెల్లం తెమ్మంటే నేను దొంగిలించి తెచ్చాను. ఆగిన గుర్రం ముందుకు పోయి బెల్లం చూపించి, "రా తల్లీ, రా," అని పిలిచేది. అది అక్కడే నిలబడి, మెడ సాచి, బెల్లం తిని, ఇంకోటి ఏదన్నట్టు చూసేది. కొన్నాళ్ళకు అది మోరీ కనపడకముందే ఉత్సాహంగా వచ్చి, దానికి ఇష్టమైన చోట ఆగి, తల తిప్పి మా కోసం ఎదురుచూడటం మొదలుపెట్టింది.

నేను నవ్వాపుకోలేక బండిలోంచి పడబోయాను. అత్త మాత్రం నవ్వలేదు. మోరీ గోడ మీద కూర్చుని, చాలాసేపు గుర్రాన్నే చూసింది.

"మనం దీనికి ఏం నేర్పిస్తాండామో తెలుసునా మే?" అంది. "ఆగడం. ఆగితే బెల్లం పెడతాండాం. నాయన ఆగితే ఇంటికి తిప్పుతాడు. బండి ఇప్పుతాడు, ఉలవలు పెడతాడు. మోరీ దగ్గర ఆగడమంత మంచి పని దానికి ఇంకోటి లేదు. మన మాదిరి బాగా నేర్పినోళ్ళు యాడుంటారు?"

మర్నాడు బెల్లం లేదు. గుర్రం ఆగింది. అత్త తిప్పలేదు, అదిలించలేదు. పగ్గాలు కొంచెం బిగువుగా పట్టుకుని కూర్చుంది. కాలవ నీళ్ళు పోతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎండ మా వీపుల మీదికి ఎక్కుతోంది. నాకు ఆకలి. గుర్రం ఒక కాలు మార్చింది. తల అటూ ఇటూ తిప్పింది. వెనక్కి తిరగబోతే అత్త చెయ్యి ఒప్పుకోలేదు. చివరికి విసుగొచ్చిందో ఏమో, ముందుకాలు ఒక జానెడు ముందుకు వేసింది. ఆ క్షణంలోనే అత్త పగ్గాలు పూర్తిగా వదిలేసింది.

అప్పుడు నేను చూసింది ఈరోజుకీ మర్చిపోలేదు. గుర్రం కదలకుండా నిలబడిపోయింది. ఒక చెవి వెనక్కి, అత్త వైపు తిరిగింది. తల మెల్లగా కిందికి వంచింది. పెద్దగా ఊపిరి వదిలింది. తర్వాత, నోట్లో ఏమీ లేకపోయినా, నాలుక బయటికి తెచ్చి చప్పరించింది. లోపల ఏదో ముడి విడిపోయినట్టు. అత్త దిగి పోయి దాని మెడ నిమిరి, బండి ఇంటికి తోలింది. అంత చిన్న అడుగుకు అంత పెద్ద సెలవు.

"పట్టుకున్నప్పుడు అది ఏం నేర్చుకోదు మే," అంది అత్త, ఏదో దొరికినట్టు. "వదిలినప్పుడు నేర్చుకుంటాది. ఏది చేస్తే చెయ్యి వదులైందో, అది దాని తలకాయలో పడిపోతాది."

రోజూ ఇంకొంచెం ముందుకు. వారం గడిచేసరికి గుర్రం మోరీ ఎక్కింది. గిట్టల కింద రాయి మోగేసరికి ఉలిక్కిపడింది, అత్త చెయ్యి వదులుగానే ఉంది, అది సర్దుకుంది. ఆ తర్వాత దాటింది. ఒట్టి బండితో దాటినది మనుషులెక్కితే మళ్ళీ ఆగింది. గుర్రానికి అది వేరే పాఠం అట. ఊరి పిల్లల్ని ఎక్కించుకుని మళ్ళీ మొదటినుంచి చెప్పాం. పిల్లలు అరిచినా, గంతులేసినా చివరికి ఏం పట్టించుకోకుండా దాటింది. నేను జేజి ముందర గొప్పలు పోకుండా నోరు కట్టేసుకోవడానికి ఎంత కష్టపడ్డానో దేవుడికే తెలుసు.

నెలాఖరు దగ్గరపడింది. "ఇంకొక్క తూరి పోదాం నాయనా," అని అత్త అడిగింది. అబ్బ సరే అన్నాడు. పెట్టె ఎక్కింది, జేజి ఎక్కింది, అందరం ఎక్కాం. పగ్గాలు అబ్బ చేతిలో. అత్త నాకేసి చూసి కన్ను గీటింది.

మోరీ దగ్గర గుర్రం ఆగిపోయింది.

నాకు ఏడుపొచ్చింది. అన్ని రోజులు, అంత ఎండ, అంత బెల్లం! "పాడుముండా!" అని నేను గుర్రాన్ని తిట్టాను. జేజి నా నెత్తిన ఒకటి వేసింది. అత్త మాత్రం గుర్రాన్ని చూడటం లేదు. అబ్బ చేతుల నుంచి గుర్రం నోటిదాకా పోయిన పగ్గాలను చూస్తోంది. ఇంటికి తిరిగొస్తుంటే నా చెవిలో, "ముందు పగ్గం లేచింది మే. తర్వాత గుర్రం ఆగింది," అంది.

ఆ మధ్యాహ్నం అత్త కళ్ళెం పట్టుకొచ్చి, పెరట్లో గుర్రం విప్పిన జట్కా మీద అబ్బను కూర్చోమంది. పగ్గాల చివర్లు ఆయన చేతికిచ్చింది. కళ్ళెం ఇనుము రెండు చేతులతో తను పట్టుకుని ఎదురుగా నిలబడింది.

"నేనే గుర్రం అనుకో నాయనా."

"ఏమ్మే, తిక్క లేసిందా?" అంది జేజి. "ఆస్పత్రోళ్ళు నిన్ను నర్సుగా చేర్చుకుంటారా, రోగిగా చేర్చుకుంటారా?"

"గమ్మునుండుమా. నాయనా, కండ్లు మూసుకో. ఆళ్లగడ్డకు పోతాండావ్. చెనిక్కాయ మూటలు ఎక్కించినావ్. మోరీ వస్తాండాది. మోరీ ఎక్కినావ్. దాటినావ్."

పగ్గాలు ఉయ్యాల తాళ్ళ మాదిరి కిందికి వేలాడుతూనే ఉన్నాయి.

"ఇప్పుడు ఇంకో పొద్దు. బండ్లో నేనుండా. నా పెట్టె ఉండాది. నన్ను నంద్యాల బస్సెక్కించి, నేను లేకుండా తిరిగొస్తావ్. మోరీ వస్తాండాది."

అబ్బ మొహం కదల్లేదు. భుజం కదల్లేదు. కానీ వేలాడే పగ్గాలు లేచాయి. నేను కళ్ళారా చూశాను. మెల్లగా లేచి, లేచి, బిర్రుగా నిలబడ్డాయి. అత్త చేతుల్లోని ఇనుము అబ్బ వైపు జరిగింది. అత్త ఒక అడుగు ముందుకు తూలింది. జేజి నోట్లో ఆకువక్క అట్లే ఉండిపోయింది.

"కండ్లు తెరువు నాయనా."

అబ్బ తెరిచి, తన పిడికిళ్ళను చూసుకున్నాడు. అవి ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు.

"నేను గుంజలేదే," అన్నాడు.

"గుంజలేదు నాయనా. భయపడినావ్," అంది అత్త. "ఈగ వాలితే, ఆ ఈగ వాలినంత మేరే తోలు విదిలించుకుంటాది అది. నీ భయం దానికి తెలీదా? సంబంధాలకు పోయేటప్పుడు ఆగుతాదేమో అని బిగిస్తావ్, అది ఆగుతాది. నన్ను తోలుకుపోయేటప్పుడు ఇంగా బిగిస్తావ్. అది దేవదూతను చూడలేదు. నీ చెయ్యి చెప్పింది వింది."

అబ్బ పగ్గాలు పక్కన పెట్టాడు. "మరి వాగొచ్చిన పొద్దు?" అన్నాడు, చిన్నపిల్లవాడిలా.

"ఆ పొద్దు ఎందుకాగిందో నాకు తెలీదు నాయనా. ఆ ఒక్క పొద్దు దానిది. మిగిలినవన్నీ మనం నేర్పించినవి."

పెరట్లో గుర్రం గడ్డి నములుతోంది. అబ్బ దిగి దాని దగ్గరికి పోయి నిలబడ్డాడు. ఎప్పుడూ ఒక మనిషి లోపలి బెదురు, మోచేయి దాటి, తోలు పగ్గం దాటి, ఆ ఇనుప ముక్క దాటి దాని నోటికి తగులుతూనే ఉందన్నమాట. మేము నోటితో చెప్పని మాటలన్నీ అది ఇన్నాళ్ళూ వింటూనే ఉందన్నమాట. దేవదూతను చూసిందన్నప్పుడు కూడా నాకు ఆ గుర్రమంటే అంత భక్తి కలగలేదు.

అబ్బ దాని కంటి కింది సుడి మీద బొటనవేలితో నిమిరి, ఇంట్లోకి పోయాడు. ఆ పూట సంకటి ముద్ద అట్లే వదిలేశాడు.

తెల్లారి తనే పెట్టె ఎత్తి జట్కాలో పెట్టాడు. "ఎక్కండి," అన్నాడు. అంతే.

మోరీ వచ్చింది. గుర్రం నడక మందగించింది. ఒక చెవి వెనక్కి తిరిగింది. ఆ చెవి అబ్బనే అడుగుతోందని నాకు ఇప్పుడు తెలుసు. పగ్గాలు దాని వీపు మీదినుంచి లేవసాగాయి. వెనక అత్త పెట్టె మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. చెప్పవలసింది చెప్పేసింది, ఇంక తన చేతిలో ఏమీ లేదు. నేను అబ్బ చేతులకేసే చూస్తున్నాను. అబ్బ గొంతు సవరించుకున్నాడు. కీర్తన ఎత్తుకున్నాడు. అదే రాగం, సగంలో తెగిపోయింది, మళ్ళీ ఎత్తుకున్నాడు. చిటికెన వేలు విడింది. దాని పక్క వేలు విడింది. పాడుతూ పాడుతూ పిడికిలి మొత్తం తెరిచాడు. పగ్గాలు జారి గుర్రం వీపు మీద మెత్తగా పడ్డాయి.

గుర్రం తల దించింది. నాలుక చప్పరించింది. గిట్టల కింద మోరీ రాయి టకటకమంది.

దాటేశాం. అబ్బ పాట ఆపలేదు. కళ్ళ నీళ్ళు గడ్డంలోకి కారిపోతున్నా తుడుచుకోలేదు, ఎందుకంటే తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తితే పగ్గం కదులుతుంది. వెనక జేజి కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఏడిపించకుండా వదలదని ఆ పొద్దే అంటి గదా. ఏడిపించనే ఏడిపించింది, దీని సుడి పాడుగాను," అంది. అత్త ఏడుస్తూ నవ్వింది.

ఆళ్లగడ్డ బస్టాండులో అబ్బ అత్త చేతిలో ఉగ్గాని పొట్లం పెట్టి, "పో మే, బేగా ఎక్కు, సీటు పోతాది," అన్నాడు. బస్సు కదిలేదాకా గుర్రం మెడ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

ఆ తర్వాత గుర్రం మోరీ దగ్గర ఆగలేదు. ఊరికి ఇది పెద్ద నష్టమే. పక్కింటి పెద్దరైతు అత్తగారి ఊరికి పోక తప్పలేదు, మా గుర్రానికి మహిమ తగ్గిందని చాన్నాళ్ళు సణిగాడు. కొన్నేళ్ళకు ఆటోలు వచ్చాయి, గుర్రం ముసలిదై మా పెరట్లోనే పోయింది. జట్కా చక్రాలు ఎవరో పట్టుకుపోయారు. ఇప్పుడు ఆ మోరీ మీద తారు రోడ్డు ఉంది, బస్సు దాన్ని ఎప్పుడు దాటిందో కూడా తెలియదు.

నంద్యాల రోడ్డు మీద, గుంజి గుంజి అలసిపోయిన ఆ మనిషి చెమట తుడుచుకోవడానికి తాడు వదులు చేశాడు. తెల్ల గుర్రం తల దించింది, వైరును వాసన చూసింది, దాని మీదుగా చక్కగా అడుగు వేసింది. బ్యాండు మళ్ళీ ఎత్తుకుంది. ఆటో కదిలింది.

"నాలుక చప్పరించింది, చూసినావా?" అంది అత్త, చిన్నపిల్లలా మురిసిపోతూ. తర్వాత ఉన్నట్టుండి మొహం తిప్పి ఆటోలోంచి బయటికి చూసింది. తనకు ఏం గుర్తొచ్చిందో నాకు తెలుసు. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను.

అబ్బ చివరి రోజులు అత్త పనిచేసే ఆస్పత్రిలోనే గడిచాయి. ఎండ మండే మధ్యాహ్నం. అబ్బ పొద్దుటినుంచి కళ్ళు తెరవలేదు. ఎందరినో దగ్గరుండి సాగనంపిన మనిషి అత్త, ఆ వేళ తెల్ల చీరలో మంచం పక్కన కూర్చుని, నాడి చూసే వంకతో అబ్బ చేతిని రెండు చేతులా పట్టుకుని ఉంది. ఎంతసేపటికీ వదల్లేదు. అబ్బ పెదవులు కదిలాయి. నేను వంగి విన్నాను.

"బిగించినావ్ మే," అన్నాడు. "అది పోలేకుండా ఉండాది."

అత్త నాకేసి చూసింది. చేతులకేసి చూసుకుంది. తర్వాత చిటికెన వేలు, దాని పక్క వేలు, ఒక్కొక్కటే వదులు చేసింది. అబ్బ చెయ్యి దుప్పటి మీద మెత్తగా పడింది. ఆయన పెద్దగా ఊపిరి వదిలాడు, తల దిండు మీద పక్కకు వాల్చాడు, నోరు మెల్లగా చప్పరించాడు. దప్పికేమో అని నేను చెంచాతో నీళ్ళు అందుకున్నాను. అత్త వద్దని తల ఊపింది.